బంగారం డబ్బుతో అతికిన నగరం

కొలోడియన్ గాజు మీద పడిందంటే ఇక ఆగడానికి లేదు. గన్‌కాటన్‌ను ఈథర్‌లో, ఆల్కహాల్‌లో కరిగించి చేసే జిగట ద్రవం అది. పలక మధ్యలో పోసి, ఒక్కో మూలకూ వంచుతూ పోవాలి. నాలుగో మూల తడిశాక మిగిలినదాన్ని సీసాలోకి వంపేయాలి. ఎక్కడ ఒక్క క్షణం చెయ్యి నిలిచినా అక్కడ చార పడుతుంది. ఈథర్ ఘాటుకు తల దిమ్మెక్కుతుంది. పొర కాస్త పట్టుకోగానే పలకను సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి. కొన్ని నిమిషాలాగి తీస్తే పొర తెల్లగా మసకబారి ఉంటుంది. అక్కణ్నుంచి అది వెలుతురు చూడకూడదు, ఆరిపోనూ కూడదు. తడి ఉండగానే ఫొటో తియ్యాలి, తడి ఉండగానే డెవలప్ చెయ్యాలి. మొత్తం పది, పదిహేను నిమిషాల బతుకు.

అరచేతి అంత పలకైతే చెయ్యి తిరిగినవాడికి ఇదో లెక్క కాదు. 1875లో సిడ్నీలోని ఒక మేడ గోపురం మీద చార్లెస్ బేలిస్ అనే పాతికేళ్ల కుర్రాడి ముందున్న పలక పొడవు 5 అడుగుల 3 అంగుళాలు, వెడల్పు 3 అడుగుల 2 అంగుళాలు. మందం 6 మిల్లీమీటర్లే అనుకున్నా బరువు 20 కిలోలు దాటుతుంది. దాన్ని ఒక్కడు వంచలేడు. వంచడానికి మనుషులు కావాలి, ముంచడానికి తొట్టి కావాలి, ఆ తొట్టి నిండా వెండి లవణం కరిగిన నీళ్లు కావాలి. ఆ నీళ్లు ఒక్క చుక్క వేలి మీద పడితే చర్మం రోజుల తరబడి నల్లగా ఉంటుంది. ఆ కాలపు ఫొటోగ్రాఫర్లను చేతులు చూసి గుర్తుపట్టేవాళ్లు.

ఆ పలక పట్టే కెమెరా ఏ దుకాణంలోనూ దొరకదు. అందుకని గోపురం పైనున్న గదినే కెమెరాగా మార్చారు. గదంతా చీకటి. ఓడరేవు వైపు గోడలో లెన్స్. దాని ఫోకల్ లెంగ్త్ 100 అంగుళాలు, అంటే లెన్స్‌కూ పలకకూ మధ్య రెండున్నర మీటర్ల దూరం. ఫొటో తీసేవాడు కెమెరా లోపల నిలబడి ఉంటాడన్నమాట. అతని ఎదురుగా సిడ్నీ రేవు తలకిందులుగా వెలుగుతూ ఉంటుంది. నీళ్లు పైన, ఆకాశం కింద, తెరచాప కొయ్యలన్నీ కిందికి వేలాడుతూ. ఆ వెలుగు పడే చోట తడి పలకను నిలబెట్టాలి. లెన్స్ మూత తియ్యాలి. మళ్లీ ముయ్యాలి. ఆ వెంటనే ఐదడుగుల గాజును చీకట్లోనే పడుకోబెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు డెవలపర్‌ను ఒక్క ఊపున పారించాలి. తడబడితే ఆ పలక పోయినట్టే. గాజు గీకేసి, కడిగి, తుడిచి మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఆ గదిలో నడిచిన మాటలు నేను కల్పించను. చేతులు చేసిన పనే చాలినంత నాటకం. ఆ చేతులు ఇలాంటి రాక్షస పలకల్ని ఒకటి కాదు, కొన్ని తీశాయి. వాటిలో రెండు పక్కపక్కన ఆనేవి. రెంటినీ కలిపితే గార్డెన్ ఐలాండ్ నుంచి మిల్లర్స్ పాయింట్ దాకా రేవు ఒకే పటంగా కనపడుతుంది. 19వ శతాబ్దంలో తడి కొలోడియన్ మీద తీసిన నెగెటివ్‌లలో అంతకంటే పెద్దవి లేవు.

ఇంత పిచ్చి పనికి డబ్బు పెట్టినవాడు ఎవరంటే, ఒకప్పుడు సిడ్నీలో హోటల్ సర్వరు.

*

బెర్న్‌హార్ట్ ఓటో హోల్టర్‌మన్ 1838 ఏప్రిల్ 29న హాంబర్గ్‌లో పుట్టాడు. ఇరవై ఏళ్లకు సైన్యంలో పనిచెయ్యడం ఇష్టంలేక ఓడెక్కి 1858లో ఆస్ట్రేలియా చేరాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. దొరికిన పనల్లా చేశాడు, సిడ్నీలో హోటల్ సర్వరు పనీ చేశాడు. అక్కడే లూయీ బేయర్స్ అనే మరో వలసజీవి తోడయ్యాడు. ఇద్దరూ బంగారం వేటలో పడి, సిడ్నీకి వాయవ్యాన కొండల మధ్యనున్న హిల్ ఎండ్ చేరారు. అక్కడ హాకిన్స్ హిల్ అనే కొండను తవ్వడం మొదలుపెట్టారు.

కొండను తవ్వి ఎలుకను పట్టడం అని మనం మాటవరసకు అంటాం. వీళ్లు పదేళ్లపాటు అక్షరాలా ఆ పనే చేశారు. ఎలుక కూడా దొరకని సంవత్సరాలున్నాయి. ఒకసారి మందుగుండు ముందే పేలి హోల్టర్‌మన్ చావు తప్పించుకున్నాడు. గని తిండి పెట్టకపోతే వేరే పనులు చేసుకుని, ఆ డబ్బు మళ్లీ గనిలోనే పోశారు. 1868లో మిత్రులిద్దరూ ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లను పెళ్లాడి తోడల్లుళ్లయ్యారు. గని పేరు స్టార్ ఆఫ్ హోప్, ఆశాతార. అన్నేళ్లు తవ్వినవాళ్లు ఆ పేరు పెట్టుకున్నారంటే వాళ్లకు హాస్యమన్నా ఉండాలి, మొండితనమన్నా ఉండాలి.

1872 అక్టోబర్ 19 రాత్రి. గనిలో మందు పేల్చి, పొగ తగ్గాక లోపలికెళ్లి చూస్తే గోడలోంచి ఒక దిమ్మ బయటపడింది. మనిషి భుజాల దాకా వచ్చేంత ఎత్తు, సుమారు మీటరున్నర. బరువు 286 కిలోలు. నగ్గెట్ అని పేరు పడింది గానీ సరిగ్గా చెప్పాలంటే అది క్వార్ట్జ్ రాయి, బంగారం అల్లుకుపోయిన రాతి పొర ముక్క. అందులో 93 కిలోల దాకా బంగారం ఉందని లెక్కగట్టారు. అప్పటి ధరకు దాదాపు 12,000 పౌండ్లు.

హోల్టర్‌మన్‌కు దాన్ని కరిగించడం ఇష్టం లేదు. అలాగే ఉంచి లోకానికి చూపించాలని అతని కోరిక. దాని విలువ మీద ఇంకో 1,000 పౌండ్లు ఎక్కువిచ్చి కొనుక్కుంటానన్నాడు. గని నడిపే కంపెనీ వినలేదు. దిమ్మను ముక్కలు కొట్టి, మరలో వేసి నూరి, బంగారం తీసుకుంది. కొద్ది నెలలకే హోల్టర్‌మన్ కంపెనీ వదిలేశాడు. ప్రపంచంలో అంతటి దిమ్మను కళ్లారా చూసినవాళ్లు ఒక కొండ ఊరివాళ్లు, అంతే. మిగిలింది ఫొటోలు. ఇతనికి ఫొటోల పిచ్చి పట్టడానికి ఇంకో కారణం వెతకనక్కరలేదని నాకనిపిస్తుంది.

*

సరిగ్గా ఆ రోజుల్లోనే హిల్ ఎండ్‌లో ఒక ఫొటో బండి తిరుగుతోంది. బోఫోయ్ మెర్లిన్ అనే ఆయన నడిపే వ్యాపారం. ఆయన పద్ధతి చిత్రమైనది. మనుషుల్ని స్టూడియోకి రప్పించడు, ఊళ్లో ప్రతి ఇంటి ముందుకీ ప్రతి దుకాణం ముందుకీ తనే వెళ్తాడు. కసాయివాడు, మందుల కొట్టువాడు, గుడిసె ముందు చంటిబిడ్డతో తల్లి, ఎవరి గుమ్మంలో వాళ్లను నిలబెట్టి తీస్తాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న సహాయకుడే బేలిస్.

హోల్టర్‌మన్ మెర్లిన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఆస్ట్రేలియా ఎలాంటి దేశమో ఐరోపాకూ అమెరికాకూ ఫొటోల్లో చూపించాలి, చూసి జనం వలస రావాలి, ఖర్చంతా తనది. మెర్లిన్ ఎక్కువ కాలం లేడు. 1873 సెప్టెంబర్‌లో జబ్బుచేసి పోయాడు. బాధ్యత ఇరవై మూడేళ్ల బేలిస్ మీద పడింది. 1874లో అతను బల్లారాట్ వెళ్లి, టౌన్‌హాల్ గోపురం ఎక్కి ఆ ఊరి చుట్టూ ఉన్నదంతా పలక తర్వాత పలకగా తీశాడు. సిడ్నీకి అది తాలీం అనుకోవచ్చు.

ఈలోగా హోల్టర్‌మన్ రేవుకు ఉత్తరపు ఒడ్డున, లావెండర్ బే పైనున్న మిట్ట మీద మేడ కట్టించాడు. దానికి 90 అడుగుల గోపురం. ఇంటికి అందం కోసం గోపురం కట్టేవాళ్లుంటారు. ఈయనకు గోపురమే అసలు పని. రంగు గాజు కిటికీలో మాత్రం దిమ్మ పక్కన తన బొమ్మ పెట్టించుకున్నాడు. అంతమాత్రం సంబరం ఉంటుంది మరి. ఆ కిటికీ ఇప్పటికీ ఉంది. మేడ స్థలంలో 1889 నుంచి బడి నడుస్తోంది.

*

రాక్షస పలకల సంగతి ముందు చెప్పాను గానీ, ప్రదర్శనల్లో జనాన్ని ఆపి నిలబెట్టింది ఇంకోటి. అదే గోపురం మీద నుంచి 23 పలకల్లో తీసిన సిడ్నీ పనోరమా. ఒక్కో పలక 18 అంగుళాలకు 22 అంగుళాలు. అన్నీ అతికితే 33 అడుగుల పటం, దాదాపు 10 మీటర్లు.

ఇన్ని పలకలెందుకు? ఆ రోజుల్లో ఫొటోను పెద్దది చెయ్యడం ఇప్పటిలా తేలిక కాదు. గుడ్డుసొన పూసిన ఆల్బుమెన్ కాగితాన్ని నెగెటివ్‌కు ఆనించి ఎండలో పెట్టేవాళ్లు. గాజు ఎంత ఉంటే బొమ్మ అంతే వస్తుంది. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద గాజన్నా కావాలి, చాలా గాజులన్నా కావాలి. హోల్టర్‌మన్ రెండూ చేయించాడు. పైగా ఆల్బుమెన్ బొమ్మలు త్వరగా వెలిసిపోకుండా, రంగు హుందాగా ఉండేందుకు వాటిని బంగారు లవణం కలిపిన నీళ్లలో ముంచే అలవాటు అప్పటి స్టూడియోలన్నిటా ఉండేది. గనివాడి బంగారం కొంత ఆ దారినా పోయింది.

అతికే పని దగ్గర కాస్త ఆగుదాం. ఇది చూసినంత తేలిక కాదు.

మొదటి సూత్రం, ఒక ఫొటో అయిపోయిన చోట ఇంకో ఫొటో మొదలుపెట్టకూడదు. దీని కుడి అంచులో ఉన్న ఇల్లు దాని ఎడమ అంచులోనూ ఉండాలి. ఆ ఉమ్మడి భాగమే రెంటికీ సాక్ష్యం. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఆ ఇంటి పొగగొట్టం మీద పొగగొట్టం, కిటికీ మీద కిటికీ కూర్చోబెట్టాలి. అప్పుడు మధ్యలో ఎక్కడ కొయ్యాలో చూసుకోవాలి. తెలివైనవాడు ఖాళీ నీళ్ల మీదుగా కొయ్యడు, అక్కడ గీత తెలిసిపోతుంది. గోడ అంచో ఓడ కొయ్యో వెతుక్కుంటాడు. ఉన్న గీతలో కోసిన గీత కలిసిపోతుంది.

రెండో చిక్కు దగ్గరి వస్తువులతో. బొటనవేలు ముక్కుకు ఎదురుగా పెట్టుకుని ఒక కన్నూ ఇంకో కన్నూ మార్చి మూసి చూడండి. వేలు వెనకున్న గోడ మీద అటూ ఇటూ దూకుతుంది. కళ్ల మధ్య రెండున్నర అంగుళాల తేడాకే అంత. కెమెరాను స్టాండు మీద తిప్పినప్పుడు లెన్స్ అటో ఇటో జరిగినా ఇదే జరుగుతుంది. దూరపు కొండలు ఒక పలకకూ ఇంకో పలకకూ సరిపోతాయి, ముంగిట్లోని కంచె మాత్రం సరిపోదు. కెమెరా తిరగాల్సింది స్టాండు మర చుట్టూ కాదు, లెన్స్‌లో కిరణాలు కలిసే చోటు చుట్టూ. బేలిస్‌కు ఎత్తే కలిసొచ్చింది. 90 అడుగుల పైన నిలబడినవాడికి ముంగిట్లో అడ్డంగా ఏదీ ఉండదు, దాదాపు అంతా దూరమే. హోల్టర్‌మన్ డబ్బు పోసి కట్టించిన ఎత్తు ఇలా రెండు విధాల పనికొచ్చింది.

మూడోది పొద్దు. ఒక పలక పూసి, తీసి, కడిగి, ఆరబెట్టి రెండో పలకకు వచ్చేసరికి ఎండ జరిగి ఉంటుంది, నీడ సాగి ఉంటుంది. లంగరెయ్యని ఓడ కదిలిపోతుంది, గాలి తిరిగితే లంగరేసిన ఓడ కూడా ముఖం తిప్పుకుంటుంది. ఒకే పడవ రెండు పలకల్లో పడొచ్చు, సగం పడవ ఎక్కడా లేకుండా పోవచ్చు. మూడేళ్ల తర్వాత, 1878లో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 13 పెద్ద పలకల మీద ఊరి చుట్టూ తీశాడు. గుర్రం పరుగు ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నవాడే. ఆ పటంలో ఒక పలకలోని నీడలు వరసలో ఇమడవు, వేరే పొద్దు చెబుతాయి. దాన్ని మళ్లీ తీసి వరసలో దూర్చాడన్నమాట. చూసేవాళ్లు నూటికి తొంభైమంది గమనించరు. నీడల లెక్క తీసేవాళ్లకు మాత్రం అతుకు దొరికిపోయింది.

ఒక్క ఆకాశం మాత్రం వీళ్లకు శ్రమ తగ్గించింది. కొలోడియన్‌కు నీలి వెలుగంటే అతి మోజు. ఇళ్లూ చెట్లూ సరిగ్గా పడేలోగా ఆకాశం మండిపోయి, బొమ్మలో ఉత్త తెల్లగా వస్తుంది. మబ్బుల్లేవు కాబట్టి మబ్బుల్ని అతికే బాధ లేదు.

మన దక్షిణాదిలో ఇంతకు పదిహేడేళ్ల ముందే ఒక అతుకుల పటం తయారైంది. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ కెప్టెన్ లినీయస్ ట్రైప్ 1858లో తంజావూరు బృహదీశ్వరాలయానికి వెళ్లి, విమానం పీఠం చుట్టూ చెక్కిన రాజరాజచోళుడి కాలపు తమిళ శాసనాలను వరసగా తీసి 21 బొమ్మలు అతికాడు. దాని పొడవు 19 అడుగులు. మన అమరావతి శిల్పాలు అప్పటికే మద్రాసు మ్యూజియం చేరి ఉన్నాయి, అదే ఏడు వాటినీ ఆయనే ఫొటోలు తీశాడు. అయితే తంజావూరు పనికీ సిడ్నీ పనికీ తేడా ఉంది. గోపురం మీద మనిషి ఒకే చోట నిలబడి తిరగాలి. శాసనం ముందు మనిషి తిరగకూడదు, గోడ వెంట జరగాలి. గోడకూ కెమెరాకూ దూరం చెదిరిందా, ఒక బొమ్మలో అక్షరం పెద్దదిగా, పక్క బొమ్మలో చిన్నదిగా పడుతుంది. సిడ్నీలో తప్పితే ఇల్లు వంకర, తంజావూరులో తప్పితే అక్షరం ఎగిరిపోతుంది. ఏది కష్టమని అడిగితే నా ఓటు తంజావూరుకే. మద్రాసుకు కొత్తగా వచ్చిన గవర్నరు ట్రెవెల్యన్ 1859లో ఆ ఫొటోగ్రఫీ శాఖ ప్రభుత్వానికి దండగ ఖర్చని మూయించేశాడు. ట్రైప్ ఆ తర్వాత కెమెరా ముట్టుకున్నది బహుతక్కువ.

ఇప్పుడు ఫోన్ పట్టుకుని నెమ్మదిగా ఒక చుట్టు తిరిగితే చాలు, పనోరమా వచ్చేస్తుంది. లోపల జరిగేది మాత్రం బేలిస్ బల్ల మీద జరిగిందే. రెండు ఫొటోల్లోనూ కొట్టొచ్చినట్టు కనపడే బిందువుల్ని, అంటే మూలల్ని, మచ్చల్ని, అంచుల్ని ఏరుతుంది. దీంట్లోని బిందువు దాంట్లో ఎక్కడుందో జతపరుస్తుంది. జతలు కుదిరితే ఏ ఫొటోను ఎంత తిప్పాలో లెక్క తేలుతుంది. వెలుతురు సర్దుతుంది, ఎక్కడ కొయ్యాలో వెతుకుతుంది. మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లో అనే ఇద్దరు 2003లో ఇంకో అడుగు వేశారు. కలగాపులగంగా ఫొటోలు పోస్తే ఏవి ఏ పటానివో, ఏ వరసలో రావాలో కంప్యూటరే తేల్చుకునే పద్ధతి చూపించారు. అంత తెలివి వచ్చాక కూడా పెళ్లి పందిట్లో పనోరమా తీస్తే నడుస్తున్న బాబాయికి మూడు కాళ్లొస్తాయి. కదిలేదాన్ని అతకడం ఈనాటికీ గండమే.

*

మళ్లీ సిడ్నీకి వద్దాం. మొత్తం వ్యవహారానికి 4,000 పౌండ్ల పైన ఖర్చయిందని లెక్క. దిమ్మకు కట్టిన విలువలో మూడోవంతు గాజు, గోపురం, మందుల మీద పోయిందన్నమాట. ఖర్చు హోల్టర్‌మన్‌ది, పనితనం ముఖ్యంగా బేలిస్‌ది. పటం మాత్రం హోల్టర్‌మన్ పనోరమాగానే లోకంలోకి వెళ్లింది. డబ్బు పెట్టినవాడి పేరు పటానికి రావడం కొత్తేమీ కాదు గానీ, ఇరవై మూడు పలకల ఉమ్మడి అంచుల్ని గుర్తుపెట్టుకుని తీసినవాడి పేరు ముందుండాలని నా పక్షపాతం.

1876లో ఫిలడెల్ఫియాలో అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన సందర్భంగా జరిగిన మహాప్రదర్శనకు పనోరమా వెళ్లింది. కాంస్య పతకం వచ్చింది. 1878లో ప్యారిస్ ప్రదర్శనకూ చేరింది. ఆ పటంలో హార్బర్ బ్రిడ్జి లేదు, అది 1932లో వచ్చింది. ఒపేరా హౌస్ తెల్ల గుల్లలున్న చోట అప్పటికి ఫోర్ట్ మాక్వారీ అనే కోట ఉంది. ఈనాడు సిడ్నీలో ఉంటున్న మనవాళ్లు రైల్లో వంతెన దాటుతూ చూసే నీళ్లే అవి. ఆ రోజుల్లో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పడవే గతి. 

హోల్టర్‌మన్ తర్వాత కూడా ఊరికే కూర్చోలేదు. తన పేరుతో ఆయుష్షు నిలిపే చుక్కలని ఒక మందు అమ్మాడు. 1882లో ఎన్నికల్లో గెలిచి న్యూ సౌత్ వేల్స్ శాసనసభకు వెళ్లాడు. ఆ చుక్కలు ఆయనకే పనిచెయ్యలేదు. 1885 ఏప్రిల్ 29న, సరిగ్గా పుట్టినరోజు నాడు, నలభై ఏడో ఏట పోయాడు. బేలిస్ సిడ్నీలోనే సొంత స్టూడియో పెట్టుకుని కెమెరాతోనే బతికాడు.

గాజు పలకల ఊసు తర్వాత ఎవరికీ పట్టలేదు. ఎక్కడైనా పాత నెగెటివ్‌ల గతి ఏమవుతుందో తెలిసిందే. పొర గీకేసి గాజును తిరిగి వాడుకుంటారు, కాదంటే కిటికీలకు పెట్టుకుంటారు. ఇవి బతికిపోయాయంటే దానికి కారణం ఎవరూ ముట్టుకోకపోవడమే. 1951లో జాక్ కాటో అనే ఫొటోగ్రాఫర్ ఆస్ట్రేలియా ఫొటోగ్రఫీ చరిత్ర రాసే పనిలో ఉన్నాడు. ఒక ఫొటో పత్రికకు సంపాదకుడైన కీస్ట్ బర్క్‌తో కలిసి హోల్టర్‌మన్ బొమ్మల ఆచూకీ తీస్తూ పోతే, దారి చాట్స్‌వుడ్ అనే శివారులో హోల్టర్‌మన్ కోడలి ఇంటికి చేరింది. పెరట్లో షెడ్డు. షెడ్డులో పేర్చిన పెట్టెలు. పెట్టెల్లో దాదాపు 3,500 గాజు నెగెటివ్‌లు. హిల్ ఎండ్ కసాయి దుకాణం, మందుల కొట్టు, గుమ్మాల్లో నిలబడ్డ తల్లులు, అంతా అందులో ఉన్నారు. మరుసటి ఏడు అవి సిడ్నీలోని మిచెల్ లైబ్రరీకి చేరాయి. ఆ రాక్షస పలకల్లో మూడు ఇప్పుడు న్యూ సౌత్ వేల్స్ స్టేట్ లైబ్రరీ దగ్గరే ఉన్నాయి. బర్క్ ఆ పలకల్లోని మనుషుల్నీ దుకాణాల్నీ ఏళ్ల తరబడి ఆరా తీసి 1973లో పుస్తకం వేశాడు. 2013లో ఆ సేకరణ యునెస్కో వారి ఆస్ట్రేలియా జ్ఞాపకాల జాబితాకెక్కింది.

హోల్టర్‌మన్ పేరు చెప్పగానే ఆస్ట్రేలియాలో అందరికీ గుర్తొచ్చే ఫొటో ఒకటుంది. కోటు వేసుకుని గడ్డం పెంచిన పెద్దమనిషి ఠీవిగా నిలబడి, తన భుజం దాకా వచ్చే బంగారు దిమ్మ మీద చెయ్యి వేసి ఉంటాడు. వెనకాల వరండా. పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కిన బొమ్మ. ఆ సేకరణలోనే దీని ముడిసరుకూ ఉంది. స్టూడియోలో తీసిన ఒక నెగెటివ్‌లో అదే మనిషి, అదే నిలబడే తీరు. చెయ్యి కింద దిమ్మ మాత్రం లేదు. ఫొటో తీసేటప్పుడు తల కదలకుండా పట్టుకునే ఇనుప స్టాండు ఉంది, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మనిషి ఒక బొమ్మ, దిమ్మ ఒక బొమ్మ, వరండా ఒక బొమ్మ, మూడూ కోసి అతికారు. పనోరమా అతికిన కాలంలోనే ఇదీ జరిగింది. అతుకు నిజంగా బాగా కుదిరింది, పొరపాటున కూడా కత్తెర జాడ కనపడదు. ఆ వరండా సిడ్నీలో కట్టుకున్న మేడది. కంపెనీవాళ్లు దిమ్మను పగలగొట్టి మరలో వేసేనాటికి ఆ మేడకు ఒక్క ఇటుకా పడలేదు.